స్లేట్ బ్లూ అంటే ఏ రంగు? నీలమా, బూడిదా?

స్లేట్ బ్లూ అంటే బూడిదరంగు కలిసి మెరుపు తగ్గిన నీలం, అంటే పలకరాయి రంగు. మార్కాపురం పలకలు చూసినవాళ్లకి ఇది వెంటనే తడుతుంది. ఆ రాయి నల్లగా కాకుండా, బూడిదలో సన్నని నీలిజీరతో ఉంటుంది.

నీలానికి నలుపు, తెలుపు రెండూ కలిస్తేనే ఈ ఛాయ వస్తుంది. నలుపు ఒక్కటే కలిపితే నేవీ బ్లూ వైపు పోతుంది, తెలుపు ఒక్కటే అయితే ఆకాశనీలం అవుతుంది.

ఉదాహరణకు విజయవాడలో ఒక గదికి ఈ రంగు వేయించాలనుకోండి. తెల్ల ఎమల్షన్‌లో ముందు నీలం స్టెయినర్ (పెయింట్ రంగు మార్చడానికి కలిపే చిక్కని రంగు) కలిపి లేతనీలం తెచ్చుకోవాలి. ఆ తర్వాతే నల్ల స్టెయినర్, అదీ చుక్కచుక్కగా. నలుపు చాలా ఘాటు, ఎక్కువైతే వెనక్కి తేలేం. గోడమీద 2 అడుగుల చదరంలో రెండు పూతలు వేసి, పూర్తిగా ఆరాకే నిర్ణయించండి. ఎమల్షన్ తడిమీద కన్నా ఆరాక కాస్త ముదురుతుంది. పసుపు వెలుగు బల్బు కింద నీలం అణిగి బూడిదే కనిపిస్తుంది, కాబట్టి రాత్రిపూట కూడా చూడాలి.

చాలామంది పొరబడేది కంప్యూటర్ పేరు దగ్గర. వెబ్ రంగుల్లో 'స్లేట్‌బ్లూ' (ఎరుపు 106, ఆకుపచ్చ 90, నీలం 205) స్పష్టంగా ఊదా. జాకెట్టు గుడ్డకో, ఫ్లెక్సీకో అదే చూపిస్తే ఊదాయే వస్తుంది. పలక రంగు కావాలంటే అక్కడ 'స్లేట్‌గ్రే' (112, 128, 144) ఎంచుకోవాలి.