గుండె పంపింగ్ తగ్గిన పెద్దాయన: ఉప్పు, తూకం, రాత్రి నిద్ర

ప్రశ్న: మా మామగారికి 76 ఏళ్లు. గుండె పంపింగ్ 30 శాతమే ఉందని ఆసుపత్రిలో వారం ఉంచి పంపారు. నీళ్లు లీటరున్నర దాటనివ్వద్దు, ఉప్పు తగ్గించండి అన్నారు. ఈ చప్పిడి కూడు నావల్ల కాదని ఆయన కంచం తోసేస్తున్నారు. రాత్రి నాలుగైదుసార్లు మూత్రానికి లేస్తారు, నేనూ లేవాల్సిందే. పాదాలు మళ్లీ వాచాయి. సోడియం తక్కువ ఉప్పు కొనవచ్చా?
– ఒక గృహిణి, తెనాలి

జవాబు: ఆ ఉప్పు మాత్రం డాక్టరును అడగకుండా కొనకండి. అందులో సోడియం తగ్గించినంత మేర పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. ఈ జబ్బుకు సాధారణంగా రాసే స్పైరోనోలాక్టోన్, రామిప్రిల్ లాంటి మందులు అసలే పొటాషియాన్ని ఒంట్లో నిలబెడతాయి. రెండూ కలిస్తే పొటాషియం బాగా పెరిగి గుండె లయ తప్పవచ్చు. రోజూ కొబ్బరినీళ్లు ఇవ్వడమూ అందుకే మంచిది కాదు.

మామూలు ఉప్పే కొలిచి వాడండి. రోజు మొత్తానికి 5 గ్రాములు, అంటే అంచుకు సమంగా ఒక టీ చెంచాడు మించకూడదు. కూరలో ఉప్పు వేయకముందే ఆయన వాటా తీసి, కంచంలో వడ్డించాక పైన కాస్త చల్లండి. నాలుకకు నేరుగా తగులుతుంది కాబట్టి కొంచెంతోనే రుచి తెలుస్తుంది. నిమ్మరసం, మిరియాలు, వెల్లుల్లి ధారాళంగా వాడుకోవచ్చు. ఆవకాయ, అప్పడాలు, ఊరమిరపకాయలు మాత్రం ఇంట్లో అందరూ తింటుంటే ఆయన ఒక్కరే మానడం కష్టం. ఆ సీసాలు బల్ల మీద నుంచి తీసేయండి.

ఉప్పు మీద పెట్టే శ్రద్ధలో సగం తూకం మీద ఎవరూ పెట్టరు. పాదాల్లో వాపు కనిపించేసరికే ఒంట్లో రెండు మూడు లీటర్ల నీరు చేరిపోయి ఉంటుంది. రోజూ పొద్దున్నే మూత్రానికి వెళ్లొచ్చాక, కాఫీకి ముందు, ఒకేలాంటి బట్టల్లో, గచ్చు మీద పెట్టిన మిషను మీద తూచి నోటుబుక్కులో రాయండి. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా డాక్టరుకు ఫోన్ చేయాలి. ఇప్పుడున్న వాపుకైతే ఒకటి రెండు రోజుల్లోనే చూపించండి. బీపీకి అమ్లోడిపిన్ వేస్తుంటే దానివల్లా పాదాలు వాస్తాయి, ఆ మాట చెప్పండి. మోకాళ్ల నొప్పులకు డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ ఏమైనా వేసుకుంటున్నారేమో కూడా చూడండి. అవి నీటిని పట్టేస్తాయి, కిడ్నీలను దెబ్బతీస్తాయి.

నీళ్లకు ఒక లీటరున్నర సీసా నింపి పెట్టండి. కాఫీ, మజ్జిగ, చారు ఎంత తాగితే అంత నీళ్లు అందులోంచి ఒంపేయాలి.

రాత్రి లేవడానికి కారణం చాలాసార్లు మాత్ర వేసే వేళే. ఒంట్లోని నీటిని మూత్రంగా పంపే ల్యాసిక్స్ మాత్ర పని సుమారు ఆరు గంటలు సాగుతుంది. రెండో మాత్ర సాయంత్రం వేస్తుంటే మధ్యాహ్నం రెండు మూడు గంటలకు మార్చవచ్చేమో అడగండి. మధ్యాహ్నం గంటసేపు కాళ్లు ఎత్తున పెట్టుకుని పడుకుంటే కాళ్లలోని నీరు పగలే బయటికి పోతుంది. మంచం పక్కన యూరిన్ పాట్ ఉంచండి. ఆయన లేచేటప్పుడు మంచం అంచున రెండు నిమిషాలు కూర్చుని లేవాలి. ఈ మందులకు బీపీ పడిపోయి తూలిపడేవాళ్లు ఎక్కువ.

మీ నిద్ర మాటా తేల్చుకోండి. వారంలో కనీసం మూడు రాత్రులు ఆ గదిలో మీవారు పడుకోవాలి. తూకం రాయడం, ఆదివారం మాత్రల డబ్బా సర్దడం కూడా మీవారికే అప్పగించండి.

కూర్చున్నా ఆయాసం ఆగకపోతే, నురగ కళ్లె పడితే, ఛాతీ నొప్పి వస్తే, స్పృహ తప్పితే 108కి ఫోన్ చేయండి. ఆయాసంలో ఉన్న మనిషిని పడుకోబెట్టకండి, నీళ్లు పట్టకండి. కాళ్లు కిందికి వేలాడేలా కూర్చోబెట్టి, నోటుబుక్కూ మందుల షీట్లూ సంచిలో వేసుకోండి.