ఆసుపత్రి చెత్తను ఏ సంచిలో, ఏ లేబుల్‌తో పంపాలి?

మన దేశంలో 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నిబంధనల ప్రకారం ఆసుపత్రి చెత్తను పసుపు, ఎరుపు, తెలుపు, నీలం రంగులుగా విడదీసి, బార్‌కోడ్, బయోహజార్డ్ (జీవ ప్రమాద హెచ్చరిక) గుర్తు ఉన్న లేబుల్ అంటించాకే బండి ఎక్కించాలి.

ఆ చెత్తను చివరికి ఏం చేయాలో చెప్పేది రంగే. ఉదాహరణకు, పేషెంటుకు పెట్టిన సెలైన్ తీసేశారనుకోండి. రక్తం అంటిన దూది పసుపు సంచిలోకి, అంటే కాల్చడానికి వెళ్తుంది. సూది, గుచ్చినా చిల్లు పడని తెల్లటి గట్టి డబ్బాలోకి. ప్లాస్టిక్ గొట్టం ఎరుపులోకి. దాన్ని ఆవిరితో శుద్ధి చేసి, ముక్కలు చేసి రీసైక్లింగ్‌కు ఇస్తారు. అదే పీవీసీ గొట్టం పసుపులో పడి కాలితే డయాక్సిన్లనే విష రసాయనాలు పుడతాయి, అసలు చిక్కు అక్కడే. నీలం గాజు సీసాలకు.

లేబుల్ నీళ్లు తగిలినా చెరిగిపోకూడదు. తేదీ, వ్యర్థం రకం, పంపేవారి, అందుకునేవారి పేర్లు, ఫోన్ నంబర్లు ఉండాలి. దారిలో సంచి చిరిగితే ఎవరికి ఫోన్ చేయాలో తెలియాలి కదా!

ఎరుపంటే అన్నిటికన్నా ప్రమాదమని చాలామంది అనుకుంటారు. కాదు, అది రీసైక్లింగ్‌కు పనికొచ్చే ప్లాస్టిక్‌ది. శరీర భాగాలు వెళ్లేది పసుపులోకే.