కెమెరా సందేహాలు: ఆకాశంలో చుక్కలు, బల్బు కింద చారలు

ప్ర: ఆకాశాన్ని ఎప్పుడు తీసినా ఫొటోలో ఒకేచోట రెండు మూడు బూడిదరంగు చుక్కలు పడుతున్నాయి. లెన్సు ఎంత తుడిచినా పోవడం లేదు. లెన్సు మార్చెయ్యాలా?

జ: పాపం, లెన్సు తప్పేమీ లేదు. దాని ముందు అద్దం మీద పడ్డ దుమ్ము ఫోకస్‌కు అందనంత దగ్గరగా ఉంటుంది కాబట్టి ఫొటోలో చుక్కగా తేలదు, అలుక్కుపోతుంది. మీది సెన్సర్ (లోపల బొమ్మ పడే చిప్) మీద, ఇంకా సరిగ్గా చెప్పాలంటే సెన్సర్ ముందుండే పలచటి గాజు ఫిల్టరు మీద చేరిన దుమ్ము.

రూఢి చేసుకోవాలంటే అపెర్చర్ ప్రయారిటీ మోడ్‌లో (లెన్సు లోపలి రంధ్రం మనం పెడితే షట్టర్ వేగం కెమెరా చూసుకునేది) ఐఎస్ఓ (వెలుతురును కెమెరా ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె) 100, ఎఫ్/16 (రంధ్రాన్ని బాగా చిన్నది చేసే అంకె) పెట్టండి. ఫోకస్‌ను మాన్యువల్‌కు మార్చి, తెల్లగోడ కావాలనే మసకగా కనిపించేలా తిప్పి ఒక ఫొటో తీయండి. క్లిక్ చేసేటప్పుడు కెమెరాను కాస్త కదిపితే ఇంకా మంచిది. గోడ మీది మరకలు చెదిరిపోతాయి, సెన్సర్ మీది చుక్కలు మాత్రం కదలవు. మళ్లీ మీ లెన్సులో ఉన్న అతి చిన్న ఎఫ్ అంకెతో తీయండి, చుక్కలు దాదాపు మాయమవుతాయి. రంధ్రం చిన్నదైతే కాంతి సన్నటి కట్టగా వచ్చి దుమ్ము నీడను గీత గీసినట్టు వేస్తుంది. రంధ్రం పెద్దదైతే అన్ని కోణాల నుంచీ వచ్చి ఆ నీడను కరిగించేస్తుంది.

ముందు మెనూలో ఉండే సెన్సర్ క్లీనింగ్ నడపండి. పోకపోతే బ్యాటరీ నిండా ఛార్జి చేసి, డీఎస్ఎల్ఆర్ (సెన్సర్ ముందు కదిలే అద్దం ఉండే కెమెరా) అయితే మెనూలోనే ఆ అద్దాన్ని పైకి లేపి నిలిపే ఆప్షన్ ఎంచుకుని, కెమెరా నోరు కిందికి ఉండేలా పట్టుకుని రబ్బరు బ్లోయర్‌తో నాలుగైదు సార్లు ఊదండి. బ్లోయర్ కొన లోపలికి పోనివ్వకండి. నోటితో ఊదితే ఉమ్మి తుంపర పడుతుంది, ఒత్తిడి గాలి డబ్బాలు వాడితే అందులోని ద్రవం చిమ్మి మరకలు కడుతుంది. బల్బ్ మోడ్‌లో (బటన్ నొక్కి ఉంచినంతసేపూ షట్టర్ తెరిచే ఉండేది) షట్టర్ తెరిచి తుడవడం అన్నిటికంటే ప్రమాదం. వేలు జారినా, బ్యాటరీ అయిపోయినా షట్టర్ పొరలు టక్కున మూసుకుంటాయి. ఒక్క కిటుకు: సెన్సర్ మీద బొమ్మ తలకిందులుగా పడుతుంది. ఫొటోలో పైన చుక్క ఉంటే, కెమెరాకు ఎదురుగా నిలబడి చూసినప్పుడు దుమ్ము కింద ఉంటుంది. ఎడమ మాత్రం ఎడమే.

ప్ర: ఎఫ్ అంకె పెరిగితే వెలుతురు తగ్గుతుందెందుకు? తిరకాసుగా ఉంది.

జ: అది భిన్నం, తిరకాసంతా అక్కడే. 50 మిల్లీమీటర్ల లెన్సులో ఎఫ్/2 అంటే 50ని 2తో భాగించాలి, రంధ్రం వెడల్పు 25 మి.మీ. ఎఫ్/4 అంటే 12.5 మి.మీ. వెడల్పు సగమైతే వైశాల్యం నాలుగో వంతవుతుంది, వెలుతురూ అంతే. 2, 2.8, 4, 5.6, 8, 11, 16 వరసలో ఒక్కో మెట్టుకు వెలుతురు సగానికి పడుతుంది. ఆ మెట్టునే స్టాప్ అంటారు. ఎఫ్/8, షట్టర్ వేగం 1/125 సెకనుతో వచ్చే ఎక్స్‌పోజరే (సెన్సర్‌కు అందే మొత్తం వెలుతురు) ఎఫ్/5.6, 1/250తోనూ వస్తుంది.

ప్ర: సాయంత్రం ఇంట్లో తీసిన పిల్లల ఫొటోలన్నీ మసకే. ఆటోఫోకస్ పాడైందా?

జ: ఆ మాట అనేముందు ఫొటోను తెర మీద వంద శాతానికి పెంచి చూడండి. గోడా పిల్లలూ అన్నీ ఒకే దిక్కుకు సాగినట్టుంటే అదిరింది మీ చెయ్యి. గోడ స్పష్టంగా ఉండి చేతులు, ముఖం మాత్రమే సాగితే కదిలింది పిల్లలు. సాగుడు లేకుండా పిల్లలు మెత్తగా, వెనక గోడ పదునుగా ఉంటేనే ఫోకస్‌ను అనుమానించాలి. అప్పుడైనా ఫోకస్ పాయింటును మీరే ఎంచుకుని కంటి మీద పెట్టి మళ్లీ తీసి చూడండి.

18–55 లెన్సు మీద 3.5–5.6 అని ఉంటే, 55 దగ్గర ఎఫ్/5.6 కంటే రంధ్రం తెరుచుకోదని అర్థం. జూమ్ చేసేకొద్దీ వెలుతురు తగ్గి షట్టర్ నెమ్మదిస్తుంది. చెయ్యి అదురు కనపడకుండా ఉండాలంటే ఫోకల్ లెంగ్త్‌ను (లెన్సు మీది మి.మీ. అంకె) క్రాప్ ఫ్యాక్టర్‌తో (చిన్న సెన్సర్ వల్ల దృశ్యం ఎన్ని రెట్లు దగ్గరైనట్టు కనిపిస్తుందో చెప్పే అంకె) హెచ్చవేయండి: 55 ఇంటూ 1.5 అంటే సుమారు 80, కాబట్టి కనీసం 1/80. పరుగెత్తే పిల్లలకు అది చాలదు, 1/250 అయినా కావాలి. స్టెబిలైజేషన్ మీ చేతిని ఆపుతుంది గాని పిల్లల్ని ఆపదు. ఆటో ఐఎస్ఓ పైహద్దును 3200కో 6400కో పెంచండి. ఫొటోలో కాస్త రవ్వ (గరుకు చుక్కలు) వస్తే రానివ్వండి.

ప్ర: వ్యూఫైండర్‌లో అంతా మసక, ఫొటో మాత్రం బాగానే వస్తోంది.

జ: కంటి రబ్బరు పక్కనుండే చిన్న చక్రం, డయాప్టర్, తిరిగిపోయింది. లోపల కనిపించే అంకెలు స్పష్టమయ్యే వరకు తిప్పండి. ఎదుటి దృశ్యాన్ని చూస్తూ తిప్పితే కుదరదు.

ప్ర: కొత్త 64 జీబీ కార్డును పాత కెమెరా చదవడం లేదు. పాత కార్డేమో లాక్ అయిందంటోంది.

జ: 32 జీబీ దాటినవి ఎస్‌డీఎక్స్‌సీ రకం. ఎస్‌డీహెచ్‌సీ (32 జీబీ వరకు ఉండే రకం) వరకే తెలిసిన కెమెరాకు అవి పనికిరావు, 32 జీబీ కార్డు కొనుక్కోండి. పాత కార్డుకు ఎడమ అంచున ఉండే మీటను పైకి జరిపితే సరి. దాన్ని ఫార్మాట్ చేయాలనుకుంటే ఫొటోలు కాపీ చేసుకున్నాక, కంప్యూటర్‌లో కాకుండా కెమెరాలోనే చేయండి.

ప్ర: ఎల్ఈడీ బల్బు కింద ఫొటోల్లో అడ్డంగా చారలు పడుతున్నాయి. సెన్సర్ పోయిందా?

జ: లేదు. కరెంటు 50 హెర్ట్జ్ అయితే చాలా బల్బులు సెకనుకు 100 సార్లు మిణుకుతాయి. కంటికి తెలియదు, సెన్సర్‌ను వరసలు వరసలుగా చదివే ఎలక్ట్రానిక్ షట్టర్‌కు తెలుస్తుంది. సైలెంట్ మోడ్ తీసేసి మెకానికల్ షట్టర్‌కు మారండి, స్పీడు 1/100 లేదా 1/50 పెట్టండి. 60 హెర్ట్జ్ కరెంటుంటే 1/120 లేదా 1/60, ఆ అంకె లేకపోతే దగ్గరున్న 1/125. కొన్ని చవక బల్బులు, మసకబరిచే స్విచ్‌కు తగిలించినవి ఇంకా వేగంగా మిణుకుతాయి, వాటికి ఈ లెక్క పనిచేయదు. దీపం మార్చుకోవడమే.