బీజింగ్ పాత ఇళ్ల గుమ్మానికి అటూ ఇటూ ఆ చెక్కిన రాళ్లు ఎందుకు?

అందం కోసమే అనుకుంటారు గానీ, ముందు అవి తలుపును మోసే రాళ్లు. ఆ పాత ఇళ్లను సిహెయువాన్ అంటారు: నాలుగు పక్కలా గదులు, మధ్యలో ఆరుబయలు. మన మండువా లోగిలికి దూరపు చుట్టం లాంటిది. దాని వీధి తలుపులకు ఇనప బందులు ఉండవు. తలుపు అంచు కొయ్య కిందా మీదా పొడుచుకొచ్చి ఉంటుంది. ఆ కింది కొస రాయిలో తొలిచిన గుంటలో కూర్చుని తిరుగుతుంది. అందుకే దీన్ని మెన్‌జెన్‌షి, అంటే 'తలుపు దిండు రాయి' అంటారు, వాడుకలో మెన్‌దున్.

రాయి ఒక్కటే, గడప దాని నడుమ గాడిలో దిగుతుంది. గుంట ఉన్న సగం లోపలికి, చెక్కిన సగం వీధిలోకి. బయటి బరువే లేకపోతే భారీ తలుపు ఒత్తిడికి లోపలి కొస కుంగుతుంది. ఎలాగూ వీధిలో కనబడే రాయే కదా, ఉలికి పని దొరికింది!

నిలబెట్టిన డోలు ఆకారం సాధారణంగా హోదా ఉన్న ఇళ్లది, పెట్టె ఆకారం మామూలు ఇళ్లది. పైన చిన్న సింహం, పక్కన తామరలు, గబ్బిలాలు. గబ్బిలమేమిటంటారా? చైనీస్‌లో గబ్బిలం పేరులోని 'ఫు', అదృష్టం అనే 'ఫు' ఒకేలా పలుకుతాయి.