మెయిడెన్ షోకి వెళ్తున్న మేనల్లుడికి

ఒరేయ్ చిన్నా,

నిన్న రాత్రి నువ్వు పంపిన వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నాను. మొదటిసారి ఫోన్ కుడి చెవికి పెట్టుకున్నాను, సగమే అర్థమైంది. ఎడమ చెవికి మార్చాక మొత్తం తెలిసింది. హెవీ మెటల్ బ్యాండ్ ఐరన్ మెయిడెన్ టూర్ టెక్సస్‌లో మీ వైపు వస్తోంది. మీ ఊరి నుంచి నాలుగు గంటల డ్రైవ్. నీతోపాటు ఇద్దరు రూమ్మేట్లు. కింద ఫ్లోర్‌లో నిలబడాలా, పైన సీట్లు తీసుకోవాలా తేలట్లేదు. రేట్లు చూస్తే వచ్చే ఏడాది చూద్దాంలే అనిపిస్తోంది. అమ్మకి చెప్పాలా వద్దా. ఇంతేగా?

కుడి చెవి సంగతి కాస్త ఆగి చెప్తాను. ముందు ఆ వచ్చే ఏడాది సంగతి.

ఆ మాట అనకు. బేస్ గిటార్ వాయించే స్టీవ్ హారిస్ 1956లో పుట్టాడు, పాడే బ్రూస్ డికిన్సన్ 1958లో. మన చుట్టాల్లో ఆ వయసు వాళ్ళు ఫస్ట్ ఫ్లోర్‌కి కూడా లిఫ్ట్ కోసం చూస్తారు. బ్రూస్ నాలుక మొదట్లో వచ్చిన క్యాన్సర్‌కి 2015లో చికిత్స చేయించుకుని, మళ్ళీ వచ్చి స్టేజీ ఈ చివర నుంచి ఆ చివరకి పరిగెడుతూ పాడుతున్నాడు. డ్రమ్స్ వాయించిన నికో మెక్‌బ్రెయిన్‌కి 2023 జనవరిలో పక్షవాతం వచ్చింది. అయినా దాదాపు రెండేళ్ళు లాక్కొచ్చి, 2024 డిసెంబరులో సావో పాలో షోతో టూర్లు చాలించుకున్నాడు. ఇప్పుడు డ్రమ్స్ మీద సైమన్ డాసన్. బాగానే వాయిస్తాడు, నేను కాదనను. కానీ నికోని నేను చూశాను, నువ్వు చూడలేవు. బ్లాక్ సబ్బాత్ బ్యాండ్ గాయకుడు ఓజీ ఆస్బోర్న్ సంగతి నీకు తెలిసిందే. 2025 జులై 5న బర్మింగ్‌హామ్‌లో కుర్చీలో కూర్చునే పాడి సెలవు తీసుకున్నాడు, సరిగ్గా 17 రోజులకి పోయాడు. స్లేయర్ బ్యాండ్ వాళ్ళలా 2019లో దండం పెట్టేసి 2024లో మళ్ళీ స్టేజీ ఎక్కేవాళ్ళూ ఉంటారనుకో. ఆ లెక్కన అందరూ తిరిగొస్తారని కూర్చోకు.

పైగా ఈ టూర్ పాటలు చూడు. 2025 మే 27న బుడాపెస్ట్‌లో మొదలైనప్పటి నుంచి మొదటి తొమ్మిది ఆల్బమ్‌ల పాటలే వాయిస్తున్నారు. అంటే 1980 నుంచి 1992 వరకు వచ్చినవి. నేను కోఠీ ఫుట్‌పాత్ మీద బేరమాడి కొన్న క్యాసెట్లు, అరిగిపోయాక ఫ్రెండ్స్ దగ్గర ఖాళీ క్యాసెట్లలోకి ఎక్కించుకున్నవి, అవన్నీ ఆ పాటలే. 2007లో నేను చూసిన షోలో చాలా పాటలు అప్పటి కొత్త ఆల్బమ్‌లోవే వాయించారు. నీకొచ్చిన అవకాశం నాకు రాలేదురా.

అది 2007 మార్చి 17, బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్. కాచిగూడలో రాత్రి రైలెక్కాం, నలుగురం. నల్ల టీషర్టులు చూసి ఎదురు బెర్త్ పెద్దాయన "ఏ కాలేజీ బాబూ, అందరికీ ఒకటే యూనిఫారమా" అన్నాడు. మా వయసు అప్పటికే ఇరవై ఏడు. గ్రౌండ్ బయట క్యూలో తెలుగు, కన్నడ, తమిళం, మలయాళం, ఈశాన్య రాష్ట్రాల కుర్రాళ్ళ భాషలు అన్నీ కలిసి వినిపించాయి. అంత పెద్ద మెటల్ బ్యాండ్ మన దేశానికి వస్తుందని అప్పటిదాకా ఎవరూ అనుకోలేదు. ముందు మన ఢిల్లీ రాక్ బ్యాండ్ పరిక్రమ వాళ్ళు వాయించారు, తర్వాత స్టీవ్ కూతురు లారెన్ హారిస్. ఆ తర్వాత లైట్లు ఆరిపోయి జనమంతా ఒక్కసారి ముందుకి ఊగారు. నా కాళ్ళు నేలకి ఆనలేదు. కవిత్వం కాదు, నిజంగానే ఆనలేదు. ఓ పది సెకన్లు పక్కవాళ్ళ భుజాలే నన్ను మోశాయి. ముచ్చటేసింది, భయమూ వేసింది. ఆ భయం గురించి కింద రాస్తాను, ఫ్లోర్ టికెట్ కొనేముందు చదువు.

ఇప్పుడు చెవి. 2011 అక్టోబరు 30, అదే ప్యాలెస్ గ్రౌండ్స్, ఈసారి ఇంకో మెటల్ బ్యాండ్, మెటాలికా. అంతకు రెండు రోజుల ముందు గుర్గావ్‌లో జరగాల్సిన షో ఆగిపోయింది. ముందువైపు బారికేడ్ నిలవలేదు, కోపంతో జనం స్టేజీ మీదకి ఎక్కి సామాను విరగ్గొట్టారు. బెంగళూరులో కూడా జరుగుతుందో లేదో అన్న బెంగతో వెళ్ళాం. జరిగింది. ఆ సంతోషంలో బురదలో ఈదుకుంటూ పోయి స్టేజీకి కుడివైపు స్పీకర్ల గుట్ట ఎదురుగా నిలబడ్డాను, రెండు గంటలపాటు. చెవిలో ఏమీ పెట్టుకోలేదు. దూది పెట్టుకున్న ఒకతన్ని చూసి నవ్వాం కూడా. తిరుగు రైల్లో కుడి చెవిలో కీచురాయి మొదలైంది. రెండు రోజుల్లో పోతుందన్నారు. ఇప్పటికీ ఉంది. పగలు పనిలో పడి మర్చిపోతాను. రాత్రి ఫ్యాన్ ఆపితే మాత్రం అది నిద్ర లేస్తుంది. చెవి డాక్టర్ నా చేత బటన్ నొక్కించి, గీత గీసి చూపించి, పోయిన వినికిడి తిరిగి రాదండీ అని మర్యాదగా చెప్పాడు.

లెక్క చెప్తాను, ఇంజనీరువి కాబట్టి పట్టుకుంటావు. అమెరికాలో పనిచేసే చోట్ల కోసం అక్కడి ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు 85 డెసిబెల్స్, ఎనిమిది గంటలు. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కి సమయం సగానికి పడిపోతుంది. 88కి నాలుగు గంటలు, 91కి రెండు, అలా వెళ్తే 100 డెసిబెల్స్ దగ్గర మిగిలేది 15 నిమిషాలు. మెటల్ షో 100 దాటడం మామూలే, మెయిడెన్ ఒక్కళ్ళే దాదాపు రెండు గంటలు వాయిస్తారు.

కాబట్టి టికెట్ కంటే ముందు ఇయర్‌ప్లగ్స్ కొను. మందుల షాపులో దొరికే నురుగు బిళ్ళలు కీచు శబ్దాలనే ఎక్కువ మింగేస్తాయి, గిటార్లు దుప్పటి కప్పినట్టు వినిపిస్తాయి. సంగీతం వాయించేవాళ్ళ కోసం చేసినవి వేరే ఉంటాయి. అవి అన్ని స్వరాలనీ ఇంచుమించు సమానంగా తగ్గిస్తాయి, ఇరవై ముప్పై డాలర్లలో దొరుకుతాయి. నురుగువే దొరికితే వాటినైనా సరిగ్గా పెట్టుకో. వేళ్ళ మధ్య సన్నగా నలిపి, అవతలి వైపు చేతిని తల మీదుగా తెచ్చి చెవిని పైకీ వెనక్కీ లాగి, లోపలికి తోసి, ఉబ్బేదాకా వేలితో అదిమి పట్టుకోవాలి. చాలామంది బయట అంటించుకుని పెట్టుకున్నాం అనుకుంటారు. మొదటి పాటకి ముందే పెట్టుకో. మధ్యలో ఒకటి జారి పడుతుంది, కాబట్టి రెండో జత జేబులో ఉండాలి. రూమ్మేట్లు నవ్వితే నవ్వనీ. నా ఫోన్ నంబరివ్వు, రాత్రి పదకొండుకి ఫ్యాన్ ఆపి మాట్లాడతాను.

ఇక ఫ్లోరా, సీటా.

నేను డాలస్ వైపు పన్నెండేళ్ళున్నాను కదా, రెండూ చూశాను. 2023 ఆగస్టులో ఆర్లింగ్టన్‌లో మెటాలికా రెండు రాత్రులు వాయించారు, శుక్రవారం 18, ఆదివారం 20. ఒక రాత్రి వాయించిన పాట ఇంకో రాత్రి వాయించలేదు. స్టేజీ మధ్యలో, చుట్టూ జనం. మొదటి రాత్రి పైన కూర్చున్నాను, రెండో రాత్రి కింద నిలబడ్డాను. పైనుంచి చూస్తే జనం మొత్తం ఒక జంతువులా కదలడం కనిపిస్తుంది, అదో అందం. కానీ పైకప్పున్న పెద్ద స్టేడియాల్లో బాగా పైవరుసల్లో శబ్దం గోడకి కొట్టుకుని మళ్ళీ వస్తుంది, డ్రమ్ దెబ్బ ఒకటి వేస్తే రెండు వినిపిస్తాయి. కింద ఆ గొడవ తక్కువ. ఫ్లోర్‌లో అందరికంటే మంచి శబ్దం వినిపించేది ముందు వరుసలో కాదు, సౌండ్ ఇంజనీరు బల్ల పెట్టుకునే చోట, దాని చుట్టుపక్కల. ఆయన తన చెవికి ఎలా వినిపిస్తే అలా సర్దుతాడు మరి. అక్కడ తోపులాట కూడా ఉండదు. నా ఓటు ఫ్లోర్‌కే, కానీ ఆ బల్ల ముందు నిలబడమని.

నువ్వు వినవని తెలుసు. మొదటిసారి కదా, ఇనుప బారికేడ్ పట్టుకోవాలనే ఉంటుంది. అయితే వాళ్ళ ఫ్యాన్ క్లబ్‌లో చేరు. టికెట్ ఉన్న సభ్యుల పేర్లు లాటరీ తీసి కొందరిని అందరికంటే ముందు లోపలికి వదులుతారు. రాకపోతే మధ్యాహ్నం నుంచి క్యూలో ఉండాలి. టెక్సస్ ఎండ మన రెంటచింతల ఎండకి తీసిపోదు. ముందురోజు నుంచే నీళ్ళు తాగుతూ ఉండు. క్యూలో బీరు జోలికి పోకు.

జనం నొక్కేటప్పుడు చేతులు కిందకి వదిలేయకు. బాక్సర్‌లా గుండె ముందు మడిచి పెట్టుకుంటే ఊపిరికి జాగా ఉంటుంది. ఊగే దిక్కునే ఊగు, ఎదురు తోయకు. ఊపు తగ్గిన క్షణంలో ఏటవాలుగా పక్కకి జరుగుతూ బయటపడు, తిన్నగా వెనక్కి నడుద్దామంటే కుదరదు. ఎవరైనా పడిపోతే పాట గీట పక్కన పెట్టి లేపు. మెటల్ జనంలో అది రాయని చట్టం. ఒంటినిండా పచ్చబొట్లు, గడ్డాలు, మేకుల పట్టీలు చూసి మీ అమ్మ భయపడుతుంది కానీ, నా కళ్ళజోడు పడిపోతే ఆరడుగుల మనిషి చుట్టూ పదిమందిని ఆపి వెతికి ఇచ్చాడు. కళ్ళజోడంటే గుర్తొచ్చింది, వెనక తాడు కట్టుకో. బూట్ల లేసులు రెండు ముళ్ళు వెయ్యి. 2011లో బురదలో నా కుడి బూటు ప్యాలెస్ గ్రౌండ్స్‌కి సమర్పించుకున్నాను. ఆ రోజు కుడివైపు నాకు అచ్చిరాలేదు.

టికెట్ ఎక్కడ కొనాలంటే, అసలు అమ్మే చోటే. అక్కడ కూడా గిరాకీని బట్టి రేటు పెరిగి తగ్గుతుంది. మొదటి గంటలో చూసిన రేటుకి గుండె ఆగనక్కర్లేదు. షో రోజు మధ్యాహ్నానికి తిరిగి అమ్మేవాళ్ళు దిగొచ్చిన సందర్భాలు చాలా చూశాను, కానీ ముగ్గురికీ పక్కపక్కన కావాలంటే ఆ జూదం ఆడకు. ఎవడో గ్రూపులో స్క్రీన్‌షాట్ పంపి డబ్బులు వేయమంటే వేయకు. ఇప్పటి టికెట్ల బార్‌కోడ్ ఫోన్‌లో మారుతూ ఉంటుంది, స్క్రీన్‌షాట్ గేటు దగ్గర చెల్లదు. మన కుర్రాడొకడు అలా మూడొందల డాలర్లకి బొమ్మ కొనుక్కున్నాడు. పార్కింగ్ కూడా ముందే కొనుక్కో. బ్యాక్‌ప్యాక్ తీసుకెళ్ళకు, స్టేడియాల్లో లోపల ఏముందో కనిపించే ప్లాస్టిక్ సంచులకే ఒప్పుకుంటారు. సాయంత్రం నాలుగింటికి పెరుగన్నం తిని వెళ్ళు. వెటకారం కాదు, కడుపు చల్లగా ఉంటుంది, లోపల పదిహేను డాలర్ల పిజ్జా ముక్క జోలికి పోవు.

షో మొదలయ్యే ముందు ఒక గుర్తు చెప్తాను. స్పీకర్లలో రకరకాల పాటలు వేస్తుంటారు, ఎవరూ పట్టించుకోరు. ఉన్నట్టుండి యూఎఫ్ఓ అనే బ్యాండ్ పాట 'డాక్టర్ డాక్టర్' వస్తుంది. వేలమంది ఒక్కసారిగా అందుకుని పాడతారు. అది రికార్డు పాటే, కానీ మెయిడెన్ జనానికి అదే గుడి గంట. అది వినిపించేలోపు బాత్రూమ్ పనులన్నీ అయిపోవాలి. మధ్యలో పదమూడు నిమిషాలు దాటే పాట ఒకటుంది, చాలామంది దానికి లేచి వెళ్తారు. పాపాత్ములు. అందులో మధ్య దగ్గర అంతా నిశ్శబ్దమై బేస్ గిటార్ నెమ్మదిగా నడిచే చోటుంటుంది, దాని కోసమైనా ఆగు.

ఫోన్ జేబులో పెట్టుకో. ఈ టూర్ మొదలవకముందే వాళ్ళ మేనేజర్ రాడ్ స్మాల్‌వుడ్ అభిమానుల్ని అదే అడిగాడు. ఒక ఫొటో తీసుకో, అమ్మకి పంపడానికి. నా దగ్గర 2007వి రెండే ఉన్నాయి, రెండింట్లోనూ ఎవడిదో మోచెయ్యి ఉంది.

రాత్రి అయ్యాక నాలుగు గంటలు డ్రైవ్ చేసి ఇంటికి రాకండి. ఇందులో నాతో వాదించకు. రోజంతా నిలబడిన ఒళ్ళు, ఖాళీ హైవే, ఒంటిగంట. ముగ్గురూ తలా కాస్త వేసుకుని మోటెల్ గది తీసుకోండి. అది టికెట్ ఖర్చులోదే అనుకో. అంత పెట్టలేకపోతే ఫ్లోర్ మానేసి సీట్లు కొని, మిగిలినదాంతో గది తీసుకోండి.

అమ్మకి నేను చెప్తాను. నువ్వు మొదలుపెడితే దెయ్యాల పాటలంటుంది, 1982 ఆల్బమ్ అట్ట మీద దెయ్యం బొమ్మ చూసిందా ఇక అయిపోయినట్టే. 2007లో మీ అమ్మమ్మకి మా ఆఫీసు ట్రైనింగ్ అని చెప్పి వెళ్ళాను, పేపర్లో ఫొటో చూసి "ట్రైనింగ్‌కి ఇంత జుట్టున్న మాస్టార్లా" అంది. అందుకని నిజమే చెబుదాం.

టీషర్ట్ షో అయ్యాక కొనొచ్చులే అనుకోకు, అప్పటికి నీ సైజు ఉండదు. లోపలికి వెళ్ళగానే కొనేసి బెల్టుకి గట్టిగా దోపుకో. నాకూ ఒకటి పట్రా, వెనకాల ఊళ్ళ పేర్లూ తేదీలూ ఉండే రకం. 2007ది బీరువాలో ఉంది కానీ పొట్ట దగ్గర ఆగిపోతోంది. అమెరికా సైజుల్లో ఎల్ చాలు. డబ్బులు ఎంతైందో చెప్పు, వేస్తాను.

మీ మావయ్య