అంబులెన్స్ ఎక్కితే ఎమర్జెన్సీకే వెళ్లాలా?

ప్రశ్న: అమెరికాలో మా దగ్గరే ఉంటున్న అమ్మకు 72 ఏళ్లు. షుగరు, బీపీ ఉన్నాయి. ఈమధ్య ఓ సాయంత్రం మెట్ల దగ్గర పడిపోతే మణికట్టు వాచింది. 911కి ఫోన్ చేశాం. అంబులెన్స్‌లో వచ్చినవాళ్లు అన్నీ చూసి, ఎమర్జెన్సీ అక్కర్లేదు, ఎక్స్‌రే ఉన్న అర్జెంట్ కేర్ క్లినిక్‌కి (చిన్న దెబ్బలు, జబ్బులు అప్పటికప్పుడు చూసే చోటు) తీసుకెళ్తామన్నారు. మాకు ధైర్యం చాలక హాస్పిటల్‌కే అని పట్టుబట్టాం. అక్కడ అర్ధరాత్రి దాటేదాకా కుర్చీలోనే కూర్చోబెట్టారు. వాళ్ల మాట వినాల్సిందా? లేక మమ్మల్ని వదిలించుకోవడానికి అలా అన్నారా?
– ఒక పాఠకురాలు

జవాబు: వదిలించుకోవడం కాదమ్మా. 1986 నాటి చట్టం ప్రకారం ఎమర్జెన్సీకి వచ్చిన ఎవరినైనా హాస్పిటల్ పరీక్షించి తీరాలి. అందుకే అక్కడికి తీసుకెళ్లడమే అంబులెన్స్ సిబ్బందికి సులువు. క్లినిక్ అయితే తెరిచి ఉందా, ఎక్స్‌రే తీసే మనిషి ఉన్నారా అని ముందే కనుక్కోవాలి. నేను ఎమర్జెన్సీ విభాగంలో చాలాకాలం పనిచేశాను. దెబ్బ తగిలిన చెయ్యి పట్టుకుని వచ్చిన పెద్దవాళ్లు గుండెపోటు కేసుల వెనక గంటల తరబడి కూర్చుంటే చూడలేకపోయేవాణ్ణి. షుగరున్నవాళ్లకు తిండి, మందుల వేళలు తప్పుతాయి. ఆ గోలలో కొందరికి పగలో రాత్రో కూడా తెలియకుండా పోతుంది.

అయితే సిబ్బంది నిర్ణయం సరిగ్గా ఉండాలంటే మీరు చెప్పే వివరాలూ సరిగ్గా ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం, అమ్మగారు ఎందుకు పడ్డారన్నది. కాలు జారి పడటం వేరు, కళ్లు తిరిగి పడటం వేరు. కళ్లు తిరిగితే మణికట్టు సంగతి తర్వాత, ముందు హాస్పిటల్‌కే వెళ్లాలి. షుగరున్నవాళ్లకు ఛాతీనొప్పి లేకుండానే గుండెపోటు రావచ్చు. చెమటలు, ఆయాసం, నీరసం మాత్రమే కనిపించవచ్చు. తలకు దెబ్బ తగిలి, వార్ఫరిన్, ఎపిక్సాబాన్ లాంటి రక్తం పలచబరిచే మందులు వాడుతుంటే, మనిషి ఎంత మామూలుగా మాట్లాడుతున్నా సీటీ స్కాన్ కావాలి. అది అర్జెంట్ కేర్‌లో మామూలుగా ఉండదు. వేళ్లు చల్లబడినా, మొద్దుబారినా హాస్పిటలే. మందులన్నీ ఓ సంచిలో వేసి వాళ్ల చేతికివ్వండి. అమ్మగారి తరఫున మీరే ‘ఏం లేదు, బాగానే ఉంది’ అనేయకండి.

బిల్లు సంగతీ అక్కడే అడగండి. మామూలు మెడికేర్ (ముఖ్యంగా 65 దాటినవాళ్లకు అమెరికా ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా) అంబులెన్స్ ఖర్చు ఇచ్చే చోట్లలో అర్జెంట్ కేర్ లేదు. 2021లో మెడికేర్‌వాళ్లే ఈటీ3 అనే ప్రయోగం మొదలుపెట్టి, క్లినిక్‌కి తీసుకెళ్లినా, ఇంటి దగ్గరే వీడియోలో డాక్టరుకు చూపించినా డబ్బు చెల్లించారు. ఐదేళ్లు సాగాల్సిన ఆ ప్రయోగాన్ని, అనుకున్నంతగా ఎవరూ చేరలేదని 2023 డిసెంబరు 31తో ఆపేశారు. మంచి పని మధ్యలో ఆగిపోయిందని ఇప్పటికీ నా బాధ.

హాస్పిటల్‌కే వెళ్తానని పట్టుబట్టినందుకు నొచ్చుకోకండి. ఈటీ3లోనూ, కాలిఫోర్నియాలో 2020లో వచ్చిన ఇలాంటి చట్టంలోనూ ఆ విషయంలో రోగి మాటే చెల్లుతుంది.

ఇంతకీ మణికట్టు ఎలా ఉంది? ఎక్స్‌రేలో ఏమీ లేదన్నా సరే, బొటనవేలి మొదట్లో ఉండే గుంటలో నొక్కితే నొప్పి పుడుతుంటే, కట్టు తీయకుండా పది పన్నెండు రోజులకు మళ్లీ ఎక్స్‌రే తీయించండి. అక్కడి చిన్న ఎముక చిట్లితే మొదటిసారి కనిపించకపోవచ్చు.