ఈ వయసులో బుల్లెట్ బండి కావాలనిపించడం తప్పా?

ప్రశ్న: నా వయసు 49. తిరుపతిలో ఒక ప్రభుత్వ కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటుగా పనిచేస్తున్నాను. మాకు ఒక్కతే అమ్మాయి, ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నది. నా చిన్నతనంలో మా మేనమామకు బుల్లెట్ ఉండేది. చిత్తూరు నుంచి పూతలపట్టు దాకా నన్ను పెట్రోలు ట్యాంకు మీద కూర్చోబెట్టుకుని తీసుకుపోయేవాడు. అప్పటి నుంచీ ఆ బండి మీద ఆశ. ఇప్పుడు 1991 నాటి బుల్లెట్ ఒకటి చిత్తూరులో 1,30,000 రూపాయలకు వస్తున్నది. ఈ మధ్యే చీటీ పాడి 2,40,000 తెచ్చాను, అందులో నుంచి 20,000 అడ్వాన్సు ఇచ్చాను. ఆ సంగతి ఇంట్లో ఇంకా చెప్పలేదు. బండి కొంటే ఎలా ఉంటుందని మాటవరసకు అడిగినందుకే నా భార్య, "పాప ఇంజనీరింగుకు పోయే ఈడులో మీకు బుల్లెట్టు ఏమిటికి?" అని కోప్పడింది. "ఏం బావా, మళ్లీ పెళ్లిచూపులకు పోతావా?" అని మా బావమరిది నలుగురిలో నవ్వాడు. స్నేహితులేమో ఈ వయసులో కారు ఉండాలి, చేతికి ఖరీదైన వాచీ ఉండాలి అంటారు. శనివారం రాత్రి వాళ్లతో కూర్చుని తాగుతుంటాను కానీ అందులో నాకు సంతోషం కలగడం లేదు. జుట్టుకు రంగు వేసుకున్నా ఇంట్లో ఎగతాళే. నా భార్యకు ఇలాంటి కోరికలేమీ లేవు. పెళ్లికి ముందు రెండేళ్లు సంగీతం నేర్చుకున్నది, తన శ్రుతిపెట్టె ఇప్పటికీ చిత్తూరులో పుట్టింటి అటక మీదే ఉంది, దాని గురించి నన్ను ఏనాడూ ఇబ్బంది పెట్టలేదు. నేనే ఎందుకిలా అయ్యానో తెలియడం లేదు. నడివయసు మగవాడికి ఏది తగును, ఏది తగదు?

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీరు చివర అడిగినదానికి ముందే జవాబు చెబుతాను. బుల్లెట్ మీకు తగును. తగనిది ఒకటి మీ ఉత్తరంలో వేరే ఉంది, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

సంస్కృతంలో నలభైని చత్వారింశత్ అంటారు. చత్వారం అనే మన మాట అందులో నుంచే వచ్చింది. నలభై దాటే సరికి కంటిలోని కటకం బిరుసెక్కి, చేతిలోని కాగితం మీది అక్షరాలు అలుక్కుపోయినట్టు కనిపిస్తాయి. అప్పుడు వెళ్లి కళ్లజోడు కొనుక్కుంటే ఎవరూ నవ్వరు, అది వయసుతో వచ్చిన అవసరమని అందరికీ తెలుసు. అదే వయసులో మనసుకు కూడా ఒక అవసరం వస్తుందని మాత్రం మన ఇళ్లలో ఎవరూ ఒప్పుకోరు. చెల్లెలి పెళ్లి, ఇంటి అప్పు, తల్లిదండ్రుల వైద్యం, పిల్లల ఫీజులు అంటూ ఇరవై, ఇరవై అయిదేళ్లు చేతికి వచ్చినదంతా ఇతరులకే ఖర్చుపెట్టిన మనిషికి, ఒకనాడు తనకంటూ ఏదైనా కావాలనిపిస్తుంది. కుర్రతనంలో సరదా పడితే వయసు అలాంటిదిలే అంటారు, అరవైకి షష్టిపూర్తి చేసుకుని కాశీ రామేశ్వరం తిరిగితే పుణ్యం అంటారు, ఈ రెంటికీ మధ్యనున్న పాతికేళ్లలో ఏది కోరుకున్నా తప్పుగానే చూస్తారు. పెద్దలు ధర్మార్థాల తర్వాత కామాన్ని మూడో పురుషార్థంగా చెప్పినప్పుడు దానిని సంసారం మోస్తున్న గృహస్థుకే చెప్పారు. మీరేమీ చెడిపోలేదు, ఆ భయం ముందు వదిలిపెట్టండి.

ఇక బండి సంగతి. ఎన్‌ఫీల్డ్ వాళ్లు 1950ల నడుమనే మద్రాసులో బుల్లెట్ తయారీ మొదలుపెట్టారు. మద్రాసుకు నాలుగు గంటల దూరంలో ఉన్న మన జిల్లా వాళ్లకు అది పొరుగూరి బండి వంటిది. మా అన్నగారికి ఒకటి ఉండేది కాబట్టి దాని మర్యాదలు నాకు కొంత తెలుసు. ఆ పాత బండ్లకు గేరు కుడికాలి వైపు, బ్రేకు ఎడమకాలి వైపు ఉంటాయి. కిక్కు మీద కాలు వేసి ఎగిరి తన్నితే అది స్టార్టు కాదు సరికదా, తిరిగి మన కాలినే తంతుంది. తాళం తిప్పి, హెడ్‌లైటు పైనున్న అమ్మీటరు ముల్లును చూస్తూ కిక్కును మెల్లగా నొక్కుతూ పోవాలి. ముల్లు నడిమధ్యకు వచ్చి నిలిచినప్పుడు ఎడమచేతి కింద ఉండే, ఇంజనులోని ఒత్తిడిని వదిలే చిన్న డీకంప్రెషన్ లివరు పట్టి, కిక్కును ఇంకొంచెం దించి, లివరు వదిలేసి, అప్పుడు ఒక్కసారి నిండుగా తొక్కాలి. మా అన్నగారు ప్రతి ఉదయం ఆ ముల్లు కోసం తలవంచి చూసే చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది. ఇంట్లో ఎవరు ఎంత తొందరపెట్టినా ఆ అరనిమిషం ఆయన ఎవరికీ ఇచ్చేవారు కాదు. ఇరవై ఏళ్ల పిల్లవాడికి అంత ఓపిక ఉండదు. నన్నడిగితే ఆ పాత బండి నడివయసు వాడి చేతిలోనే బాగుంటుంది.

ఏది తగును, ఏది తగదు అని అడిగారు. ఇన్నేళ్లుగా ఎంతోమంది గోడు విన్నమీదట నాకు తోచినది చెబుతాను. ఒక వస్తువును మీరు ఒంటరిగా ఉన్నప్పుడు కూడా వాడుకుంటారా, దానిని చూసేవాళ్లు ఎవరూ లేకపోయినా దాని పని మీకు ఇష్టమేనా అన్నది చూసుకోండి. నా 47వ ఏట తోటివాళ్లందరూ కొంటున్నారని ఒక ఖరీదైన వాచీ కొన్నాను. నాలుగు పెళ్లిళ్లకు పెట్టుకున్నాను, ఇప్పుడు అది బీరువాలో ఆగిపోయి ఉంది. ఆ మరుసటి ఏడు చేతితో తిప్పే కాఫీగింజల మర, ఒక ఇత్తడి ఫిల్టరు కొన్నాను. వాచీ ధరలో పదోవంతు కూడా కాలేదు. నాటి నుంచి నేటి వరకు తెల్లవారుజామున అయిదు గంటలకు గింజలు నేనే విసురుకుని, పొడి ఫిల్టరులో వేసి, మరీ గట్టిగా అదమకుండా అణిచి, మరిగే నీళ్లు పోసి, డికాషన్ బొట్టుబొట్టుగా దిగేంత వరకు అక్కడే నిలబడతాను. ఆ పావుగంట నా రోజంతటికీ బలం. మా ఆవిడ లేచేసరికి ఆమె గ్లాసు సిద్ధంగా ఉంటుంది. మీరు బండి గురించి రాసిన తీరు చూస్తే అది మీకు వాచీ వంటిది కాదని, కాఫీ మర వంటిదని నాకు నమ్మకంగా ఉంది. స్నేహితులు చెప్పే కారు, వాచీ మీకు అక్కరలేదు. మీ ఉత్తరంలో వాటి గురించి ఒక్క ఇష్టమైన మాట కూడా లేదు.

ఇప్పుడు తగని దాని దగ్గరికి వస్తాను. అది చెప్పకుండా ఇచ్చిన ఆ ఇరవై వేలు. నెలనెలా చీటీ కట్టేటప్పుడు మీ ఇంట్లో ఆ డబ్బుకు ఏ పేరు ఉండేదో గుర్తుచేసుకోండి. మీరు రాయలేదు కానీ, "పాప చదువు డబ్బులు" అనే పేరే ఉండి ఉంటుందని నేను అనుకుంటున్నాను. చీర కొనకుండా, పండగ ఖర్చు తగ్గించుకుని ఆమె కూడా ఆ చీటీని మోసి ఉంటుంది. "మీకు బుల్లెట్టు ఏమిటికి?" అన్న మాటలో మీరు బుల్లెట్టునే విన్నారు, ఆమె మాత్రం ముందు పాప పేరు ఎత్తింది. ఆమెకు మీ సరదా మీద కోపం లేదని, ఈఏపీసెట్ (ఒకప్పటి ఎంసెట్) కౌన్సెలింగు నాటికి డబ్బు చాలదేమో అన్న భయమే ఉందని నాకు తోస్తున్నది. ఆ భయానికి మీరు నోటితో సమాధానం చెప్పకముందే, ఆమెకు తెలియకుండా అందులో కొంత తీసేశారు. అడ్వాన్సు సంగతి బావమరిది ద్వారానో, అమ్మేవాళ్లు ఫోను చేసినప్పుడో బయటపడితే, ఆ తర్వాత ఎంత మంచి బండి తెచ్చినా ఆమె దాని వెనుక కూర్చోదు.

కాబట్టి ఈ వారంలోనే చెప్పండి. బావమరిది, అత్తగారు ఉన్నప్పుడు వద్దు, పాప ముందు వద్దు. రాత్రి వంటిల్లు సర్దుకునే వేళ పక్కన నిలబడి, "నేనొక తప్పు చేశాను, పాప డబ్బులో నుంచి 20,000 నీకు చెప్పకుండా బండికి అడ్వాన్సు ఇచ్చాను, అది నేను సరిచేస్తాను" అని అంతవరకే అనండి. బండి ఎందుకు కావాలో అదే మాటలో కలపకండి, కలిపితే క్షమాపణ కాస్తా బేరంగా మారుతుంది. ఆమె కోప్పడితే పడనివ్వండి. అడ్వాన్సు తిరిగి వస్తే తెచ్చుకోండి, రాకపోతే రెండు మూడు నెలల జీతంలో మీ సొంత ఖర్చులు తగ్గించి భర్తీ చేయండి. మొత్తం 2,40,000 ఆమె పేరుతో గాని, ఇద్దరి పేర్లతో గాని బ్యాంకులో వేసి, పాప సీటు, ఫీజు తేలేంత వరకు దానిని ముట్టుకోకండి. ఈలోగా ఆ బండి వేరేవాళ్లకు అమ్ముడుపోవచ్చు. పోనివ్వండి. పాత బుల్లెట్లు మన వైపు ఏడాది పొడవునా చేతులు మారుతూనే ఉంటాయి. రాష్ట్రంలో ఉద్యోగుల పదవీ విరమణ వయసు 2022లో 62కు పెంచారు, అంటే మీకింకా పదమూడేళ్ల జీతం ఉంది. పాప ఫీజుతో సంబంధం లేకుండా, నెలకు ఇంత అని వేరుగా దాచి, ఏడాదికో ఏడాదిన్నరకో కొనుక్కున్న బండికి మీరు ఎవరి ముందూ తల దించుకోనక్కరలేదు.

కొనే రోజు వచ్చినప్పుడు మనసు మెత్తబడి కాగితాలు చూడకుండా వదిలేయకండి. మోటారుసైకిలు రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లకు ముగుస్తుంది, ఆ తర్వాత అయిదేళ్లకొకసారి తనిఖీ చేయించి రెన్యూవలు తెచ్చుకోవాలి. 1991 బండి గడువు 2006లోనే తీరి ఉంటుంది కాబట్టి, ఆ తర్వాత వరుసగా చేయించారో లేదో చూడండి. ఆర్‌సీలోని ఇంజను, ఛాసిస్ నంబర్లు బండి మీది నంబర్లతో సరిపోవాలి, చెరిగినట్టుగాని దిద్దినట్టుగాని ఉంటే ఎంత అందంగా ఉన్నా వద్దనండి. కొన్న ముప్పై రోజుల్లోగా పేరు మార్పించుకోండి. మాటల మీద పేరు మార్చకుండా నడిపితే, రేపు ఏదైనా జరిగినప్పుడు అమ్మినవారూ మీరూ ఇద్దరూ చిక్కుల్లో పడతారు. థర్డ్ పార్టీ ఇన్సూరెన్సుతో పాటు యజమానికి 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా ఉన్నదో లేదో అడగండి, ఇంట్లో చదువుకునే బిడ్డ ఉన్నవాడికి ఇది తప్పనిసరి. ఇక అది 160 కిలోలకు తక్కువ కాని బండి. డబ్బు ఇవ్వక ముందు సెంటరు స్టాండు మీద నుంచి దించి, మళ్లీ ఎక్కించి చూడండి. నడుము పట్టేస్తే ఆశ చంపుకోనవసరం లేదు, మూడు నెలలు నడుముకు వ్యాయామం చేసి మళ్లీ చూడండి. గేరూ బ్రేకూ వైపులు మారి ఉంటాయి కాబట్టి మొదటి నెల రోజులు గాంధీ రోడ్డు రద్దీలోకి తేకుండా, ఉదయం పూట చంద్రగిరి వైపు నడిపి అలవాటు చేసుకోండి. తలకోన పోవాలనిపించినా భాకరాపేట ఘాటులోకి చేయి తిరిగిన తర్వాతే దిగండి. దిగుడులో ఇంజను ఆపి న్యూట్రలులో జారే అలవాటు కొందరికి ఉంటుంది, ఆ పని ఎన్నడూ చేయవద్దు. ఆ డ్రమ్ము బ్రేకులు వేడెక్కితే పట్టవు, చిన్న గేరులో ఇంజనే బండిని ఆపుతూ ఉండాలి.

జుట్టుకు రంగు మీ ఇష్టం, చెవి వెనుక కాస్త పూసి రెండు రోజులు చూసి, దురద లేకపోతే వేసుకోండి. శనివారం రాత్రుల గురించి మాత్రం గట్టిగానే చెబుతాను. సంతోషం కలగడం లేదని మీరే రాశారు, సంతోషం కూడా ఇవ్వని తాగుడును ఈ వయసు గుండెకూ కాలేయానికీ ఎందుకు అంటగట్టాలి? స్నేహితులను వదులుకోమని అనడం లేదు. బీపీ, షుగరు ఒకసారి చూపించుకుని, వాళ్లలో ఒకరిని వెంటబెట్టుకుని ఆదివారం తెల్లవారుజామున శ్రీవారి మెట్టుకు వెళ్లండి. 2,388 మెట్లు, ఆయాసం వచ్చినచోటల్లా కూర్చుంటూ ఎక్కినా పొద్దెక్కకముందే కొండ మీద ఉంటారు. మోకాళ్ల మీద దయ ఉంచి దిగేటప్పుడు బస్సులో రండి. ఆదివారం ఎక్కాల్సిన మెట్లు గుర్తొస్తే శనివారం గ్లాసు దానంతటదే తగ్గుతుంది. నాకు తెలిసిన ఇద్దరు ముగ్గురి విషయంలో ఇలాగే జరిగింది.

చివరిగా, మీరు నా సలహా కోసం కాకుండా పోలిక కోసం రాసిన ఒక వాక్యం నన్ను అన్నిటికంటే ఎక్కువగా బాధపెట్టింది. శ్రుతిపెట్టె గురించి నన్ను ఏనాడూ ఇబ్బంది పెట్టలేదు అన్నారు. కోరిక లేకపోవడం వేరు, అడగకపోవడం వేరు. మీకు మేనమామ బండి మీది ప్రయాణం నలభై ఏళ్లుగా గుర్తుండగా, ఆమెకు తాను నేర్చుకున్న వర్ణాలు గుర్తుండవా? నడివయసు ఆమెకూ వచ్చింది. ఆమెకూ రాత్రి పని అయ్యాక ఒక అరగంట మిగులుతుంది, ఆ అరగంట ఏం చేస్తున్నదో మీరు ఎప్పుడైనా గమనించారా? మహతి ఆడిటోరియంలోనో, అన్నమాచార్య కళామందిరంలోనో కచేరీ ఉన్నప్పుడు ఆమెను తీసుకువెళ్లి కూర్చోబెట్టండి, పాట నడుస్తుండగా ఆమె చేయి తొడ మీద తాళం వేస్తున్నదేమో చూడండి. తిరుమల తిరుపతి దేవస్థానం వారి సంగీత నృత్య కళాశాల మన ఊళ్లోనే ఉంది. ఆ వయసువారికి తగిన తరగతులు ఏమున్నాయో ఇద్దరూ కలిసి వెళ్లి కనుక్కోండి. ఇది బండికి ఒప్పించే ఉపాయంగా చేస్తే ఆమె ఇట్టే కనిపెడుతుంది, అలా చేయకండి.

బండి వ్యవహారం తేలేసరికి ఏడాది పట్టవచ్చు. శ్రుతిపెట్టె అంతకాలం ఆగనక్కరలేదు. అడ్వాన్సు సంగతి చెప్పి, ఆమె కోపం చల్లారిన తర్వాత వచ్చే మొదటి ఆదివారం చిత్తూరు బస్సెక్కి, అటక మీద నుంచి దానిని మీ చేతులతో దింపండి. ఇన్నేళ్లలో తిత్తుల తోలు ఎండి పగిలి ఉంటుంది, రీడ్లలో దుమ్ము చేరి ఉంటుంది. అక్కడే తుడిచేయకుండా గుడ్డలో చుట్టి ఒళ్లో పెట్టుకుని తిరుపతికి తెచ్చి, హార్మోనియం బాగుచేసేవారికి చూపించండి. ఏ శ్రుతికి సరిచేయాలని ఆయన అడిగినప్పుడు, మీ శ్రీమతికి ఫోను చేసి అడగండి.